లారీలు లేని దారిలో పెనుకొండ నుంచి గోరంట్లకు

ఆదివారం పేపరు మధ్యపేజీలో ఒక ఫోటో చూసి నాకు ఒళ్లు మండింది. ఫ్రాన్స్ దేశంలో ఏదో పల్లెటూరి దారి. రెండు పక్కలా పచ్చిక, మధ్యలో సన్న కంకర, దాని మీద తల నెరిసిన భార్యాభర్తలు నవ్వుకుంటూ సైకిళ్లు తొక్కుతున్నారు. ఆ దారుల్లోకి మోటారు బండ్లను రానివ్వరట. మైళ్లకు మైళ్లు అట్లాంటి దారులే ఉన్నాయని రాశారు. బాగానే ఉంది, మరి మేమేం పాపం చేశాం?

నేను అనంతపురంలో ఒక బాలికల హైస్కూల్లో డ్రిల్లు టీచర్ని. ఇరవై ఏళ్లుగా సైకిల్ మీదే బడికి పోతున్నాను. ఎక్కడికైనా దూరంగా సైకిళ్ల మీద తీసుకుపొమ్మని తొమ్మిదో తరగతి పిల్లలు నా ప్రాణం తోడేస్తున్నారు. ఎటు పోదామన్నా బెంగళూరు హైవే ఎక్కాల్సిందే. ఆ హైవే మీద లారీవాడు సైకిల్ తొక్కేవాళ్లను మనుషుల కింద లెక్కగట్టడు. హారన్ కొట్టడం కూడా దండగనుకుని పక్కనున్న గుంతలోకి నెట్టేస్తాడు. నన్ను రెండుసార్లు నెట్టారు. రెండోసారి లేచి రాయి విసిరాను. తగల్లేదు, నాకు ఇప్పటికీ అదే బాధ.

పోనీ పిల్లల సరదా తీరుద్దామని మా హెడ్మాస్టరు ఒప్పుకున్నాడు గానీ, ఒక మెలిక పెట్టాడు. "దారిలో లారీ అనేది ఉండకూడదు టీచర్. ఉందంటే పిల్లల్ని పంపను," అన్నాడు. ఆయన్ని తప్పు పట్టలేను. ముందు నేనొక్కదాన్నే పోయి దారి చూసొస్తానని చెప్పాను. ఆ శనివారం బడికి సెలవు కావడంతో బయల్దేరాను.

ఉదయం ఆరున్నరకు అనంతపురం స్టేషన్‌లో ప్యాసింజరు బండి. సైకిల్‌కు లగేజీ టికెట్ తీసుకోవాలి, మీరూ మర్చిపోకండి. కిటికీ వెనక గుమస్తా నన్నూ సైకిల్‌నూ మార్చి మార్చి చూశాడు.

"పెనుకొండలో దిగి యాడికి మేడమ్? ఆ పక్క సరైన రోడ్డే లేదు."

"లేదనే పోతున్నాను," అన్నాను.

పెట్టెలో నా ఎదురుగా ధర్మవరంలో ఎక్కిన పట్టుచీరల వ్యాపారి కూర్చున్నాడు. మూట ఒళ్లో పెట్టుకుని, తలుపు దగ్గర ఆనించిన నా సైకిల్‌ను ఎగాదిగా చూశాడు. చివరికి ఆగలేకపోయాడు. "ఏమక్కా, మొగోళ్లే మోపెడ్లు కొనుక్కుంటాంటే నీకేం కర్మ?" అన్నాడు. మగవాళ్ల కాళ్లు అరిగిపోయినట్టున్నాయి, నావి బాగానే ఉన్నాయని చెప్పాను. పక్కవాళ్లు నవ్వారు. ఆయనా నవ్వి, మూట విప్పి నాకో చీర చూపించాడు. నేను కొనలేదు.

ఎనిమిది దాటాక పెనుకొండలో దిగి బొరుగుల ఉగ్గాని, బజ్జీ తిన్నాను. బజ్జీలో మిరపకాయ ఘాటు ఎక్కువ, ఉగ్గాని మాత్రం బాగుంది. హోటలాయన్ను దారి అడిగాను. "కొండ ఎనక బండ్లదావ ఉండాదక్కా, గోరంట్ల దంకా పోతాది. ముందర గొర్రెలోల్లు బెంగుళూరు సంతకు దాంట్లోనే తోలుకపోతాంటిరి. ఇప్పుడు కంపచెట్లు పెరిగిపోయినాయి. ట్యూబులు రెండు పెట్టుకున్నావా?" అన్నాడు. పెట్టుకున్నాను. మీరు మూడు పెట్టుకోండి.

కొండ చుట్టు తిరిగేసరికి హైవే మోత ఆగిపోయింది. ఎర్ర గరుసు దారి, రెండు బండి చక్రాల గాడులు, మధ్యలో ఎండిన గడ్డి. చక్రం కింద గరుసు కరకరమంటుంటే ఆ చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. రెండు గంటలు తొక్కితే ఒక మేకల మంద, పాలక్యాన్లు కట్టుకున్న ఒక ముసలాయన ఎదురయ్యారు. ఆయనదీ సైకిలే. ఫ్రాన్స్‌వాళ్లు గొప్పలు పోయేది దీనికేనా, ఇది మన ముత్తాతల కాలం నుంచీ ఉన్నదే కదా అనుకున్నాను. పిల్లలు ఇక్కడ ఎట్లా అరుచుకుంటూ తొక్కుతారో కళ్లకు కట్టింది. దారి పక్కన చెనిక్కాయ చేలు, అదే వేరుశనగ, వానల్లేక అరచెయ్యంత ఎత్తులోనే మాడిపోయి ఉన్నాయి. చేనుకొక ఎండిన బోరు. వాటిని చూసినప్పుడు మాత్రం నా హుషారు తగ్గింది.

పదిన్నర ప్రాంతంలో ఒక ఇసుక వంక దగ్గరికొచ్చాను, నీళ్లు లేని వాగు. దారికి అడ్డంగా మనిషెత్తు కంప పడేసి ఉంది. తుమ్మకొమ్మలు, రేగికొమ్మలు కలిపి గట్టిగా పేర్చారు. నా కోపం నషాళానికంటింది. బండ్లదారి ఊరుమ్మడిది. ఎవడో పక్క చేనువాడు దాన్ని కలుపుకోవడానికి కంప వేశాడని నాకు క్షణంలో తేలిపోయింది. ఇట్లాంటివాళ్లను ఎంతమందిని చూడలేదు? సైకిల్ పక్కన పడేసి కొమ్మలు లాగడం మొదలుపెట్టాను. చేతులు గీరుకుపోయినా ఆగలేదు. సగం లాగేసరికి వంకలోంచి ఒకామె బిందె చంకన పెట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"ఏమ్మే, కండ్లు కనపడవా? కంప ఏంటికి తీస్తాండావు?"

"దారికి అడ్డం వేయడానికి ఇదేమన్నా మీ నాయన సొమ్మా?" అన్నాను.

"మా నాయనది గాదు, మీ నాయనదీ గాదు. ఇసుక లారీలోల్లది అయితాండాది. అందుకే ఏసినాం."

ఆమె పేరు హనుమక్క. పక్క పల్లెలో గొర్రెలు కాచుకునే మనిషి. నన్ను చెయ్యి పట్టుకుని వంకలోకి ఈడ్చుకుపోయినంత పని చేసింది. పైన సగం వంకలో ఇసుక లేదు. అడుగున బండ తేలి, మధ్యమధ్య లారీ చక్రాల గుంతలు. కింది సగంలో మాత్రం ఇంకా ఇసుక ఉంది, అందులో నడుంలోతు చెలమ ఒకటి తవ్వారు. అడుగున నీళ్లు మెల్లగా ఊరుతున్నాయి. ఒక ముసలామె కొబ్బరిచిప్పతో తోడి బిందెలో పోసుకుంటోంది.

"ఊర్లో బోరు ఎండి రెండేండ్లాయె. మనుషులకూ ఇదే, గొర్రెలకూ ఇదే. ఆ పక్కన నాలుగు చెలమలు ఉండె. ఇసుక పాయ, చెలమలూ పాయ. బండను తవ్వితే నీళ్లొస్తాయా?" అంది హనుమక్క.

అర్జీ ఇవ్వలేదా అని అడిగాను. "ఇచ్చినాం. జీపులో సార్లు వచ్చినారు, చూసినారు. ఇసుక శానా మంచిదని చెప్పి పోయినారు." ఇది వినగానే నాకొచ్చిన మాటలు ఇక్కడ రాస్తే పత్రికవాళ్లు వేయరు.

అంతలో ఇంజిను మోత. హైవే మీద వినీ వినీ నా చెవులకు అలవాటైన మోతే. ఖాళీ లారీ ఒకటి దుమ్ము రేపుకుంటూ వచ్చి కంప ముందర ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి నాతో ఎంత మర్యాదగా మాట్లాడాడో చెప్పలేను. "సగం తీసినారు గదా మేడమ్, ఇంగో రెండు కొమ్మలు లాగేయండి. పోతాం."

నాకు తల కొట్టేసినట్టయింది. గబగబా పోయి, నేను లాగిన ఖాళీలో నా సైకిల్ అడ్డంగా పెట్టాను. తర్వాత లాగిన కొమ్మలన్నీ మళ్లీ తెచ్చి వేశాను. హనుమక్క అవతలి కొస పట్టుకుంది.

"మీరు ఈ ఊరోల్లు గాదు గదా, మీకేంటికి?" అన్నాడు డ్రైవరు.

"ఈ దారిలో మా బడి పిల్లలు రావాల. నువ్వు ఉంటే వాళ్లు రారు."

"టీచరైతే బడిలో ఉండల్ల," అని గొణిగాడు. పల్లె నుంచి ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి కంప వెనక నిలబడ్డారు. ఎవరూ తిట్టలేదు. బిందెలు కింద పెట్టి ఊరికే నిలబడ్డారు. వాడు కాసేపు ఇంజిను గుర్రుమనిపించి, లారీని వెనక్కి తిప్పుకుని పోయాడు.

"సందకాడ మళ్లా వస్తారు," అంది హనుమక్క. "మేమూ వంతులేసుకోని ఉంటాం." మధ్యాహ్నం ఆమె ఇంట్లో రాగిముద్ద, చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి పెట్టింది. తాగడానికి చెంబు నీళ్లిచ్చింది. ఆ నీళ్లు తాగడానికి నాకు మనసు రాలేదు. తాగేదాకా ఆమె ఊరుకోలేదు. పోయేటప్పుడు, "పిల్లోల్లను పిల్చుకోని రా. ఆ పొద్దు మేమంతా దావలోనే ఉంటాం. కంప మాత్రం జరపాకండి," అని గట్టిగా చెప్పింది.

సైకిల్ భుజానికెత్తుకుని, కంప పక్కన వంకగట్టు ఎక్కి అవతల దిగాను. గోరంట్లలో నాలుగు గంటల బస్సు దొరికింది. కండక్టరు సణుగుతూ సైకిల్‌ను టాపు మీద వేయించాడు. ఊరు దాటగానే మా ముందర ఇసుక లారీ ఒకటి తగులుకుంది, ఏ వంకదో. తడి ఇసుక మీంచి నీళ్లు కారి రోడ్డు పొడుగునా సన్నటి చార పడుతోంది. మూడేళ్లుగా సరైన వాన చూడని నేల మీద నీళ్లు అట్లా పారబోసుకుంటూ పోతున్నారు. పక్క సీటాయన మాత్రం, "బెంగుళూరులో మా బామ్మర్ది ఇల్లు కట్టిస్తాండాడు. మన ఇసుకే కావల్లంటాడు," అన్నాడు గర్వంగా. మీ బామ్మర్ది ఇంటి గోడలో ఒక ఊరి తాగునీళ్లు ఉన్నాయని చెప్పాను. ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. హైవే దగ్గర లారీ బెంగళూరు వైపు, మా బస్సు అనంతపురం వైపు తిరిగాయి.

ఆ వంక పేరు ఇక్కడ రాయను. ఇంకా తెలియని లారీలవాళ్లూ పత్రికలు చదువుతారు. సైకిల్ మీద వచ్చేవాళ్లు పెనుకొండలో గొర్రెల కాపరుల్ని అడగండి, చూపిస్తారు. దారిలో లారీలు లేవా అని హెడ్మాస్టరు అడిగితే, ఆడవాళ్లు రానివ్వడం లేదని చెబుతాను. ఆయన ఒప్పుకునేదాకా ఆయన గదిలోంచి కదలను. సోమవారం గ్రౌండులో పిల్లలకు సైకిల్ భుజానికెత్తుకుని కంప పక్కన వంకగట్టు ఎక్కడం నేర్పిస్తాను.