పేరు తీసేయమని వచ్చిన మనిషి

2023 డిసెంబరు. విజయవాడ గాంధీనగర్‌లో సినిమా పంపిణీదారుల ఆఫీసుల వెనక సందులో ఉండేది మా పత్రిక ఆఫీసు. అందులో సినిమా పేజీ నాది. ఏటా డిసెంబరు వచ్చేసరికి రెండు పనులు నా నెత్తిన పడతాయి. ఆ ఏడాది వచ్చిన సినిమాల్లో మేలైనవి ఎంచి ర్యాంకులు ఇవ్వడం ఒకటి. అవార్డుల నామినేషన్లు ఎవరికి దక్కుతాయో ముందే అంచనా కట్టడం రెండోది. నామినేషన్ అంటే అవార్డు కాదు, తుది పోటీకి జ్యూరీ ఎంచుకున్న పేర్లు.

ఈ అంచనా కట్టడాన్ని చాలామంది జాతకం చెప్పడం లాంటిదనుకుంటారు. కానీ జ్యూరీలో కూర్చునేవాళ్ల అభిరుచి, సినిమా చూసి బయటికొచ్చినవాళ్ల మాట, నిర్మాతలు ఏ విభాగంలో ఎంట్రీ పంపారన్నది తెలిస్తే సగం పని అయిపోతుంది. మిగతా సగం మొండితనం. అది నాకు కాస్త ఎక్కువే అంటారు మావాళ్లు.

ఆ నెలంతా ఆఫీసులో కుర్చీలు చాలవు. ఫలానా పేరు చేర్చండి అంటూ స్వీట్ డబ్బాలతో దిగేవాళ్లే అందరూ. వాళ్లకు కాఫీ ఇప్పించి, డబ్బా తిరిగి వాళ్ల చేతిలోనే పెట్టి పంపించేస్తాను. పేరు తీసేయమని మాత్రం నా సర్వీసులో ఒక్క మనిషే వచ్చాడు.

"మేడంగారండీ, సినిమా జాబితా రాసేది మీరేనాండీ?" అన్నాడు గుమ్మంలోనే నిలబడి.

"నేనేనండీ. లోపలికి రండి. ఎక్కడి నుంచి వచ్చారు?"

"నాగాయలంక అవతలండీ. చేపల బేరం. నా పేరు నాగరాజు." చంకలోంచి మా పేపరు తీసి, మడత విప్పి, వేలు పెట్టి చూపించాడు. "ఇది మా ఆవిడ పేరండీ. తీసేయించాలి."

అది నాంచారమ్మ పేరు. చల్లపల్లి చేపల మార్కెట్లో ఆమె బేరమాడే తీరు చూసి, కిరణ్ అనే కొత్త దర్శకుడు తన చిన్న సినిమాలో తల్లి వేషం ఇచ్చాడు. షూటింగ్ పూర్తయిన కొన్నాళ్లకే జ్వరం వచ్చి ఆమె చనిపోయింది. ఆ సినిమాకు నేను మూడో ర్యాంకు ఇచ్చాను. ఉత్తమ నటి నామినేషన్ ఆమెకు ఖాయమని రాశాను. ఆ గొంతులోని తడి చాలాకాలం వెంటాడుతుందని కూడా రాశాను.

"అదేమిటండీ? ఆవిడ ఉంటే ఎంత సంతోషపడేది!" అన్నాను.

"పడేదండీ. కానీ ఆ గొంతు మా ఆవిడది కాదండీ."

అప్పుడు తట్టింది నాకు. మన సినిమాల్లో షూటింగ్ అప్పుడు పలికిన మాటల్ని తర్వాత స్టూడియోలో మళ్లీ చెప్పించి బొమ్మకు అతికిస్తారు. అదే డబ్బింగ్. నాంచారమ్మ ఆ పనికి మిగల్లేదు. వేరే ఆవిడ చెప్పింది, బాగా చెప్పింది కూడా. అందుకే మేమెవరం ఆరా తియ్యలేదు.

"మా దుర్గకి ఆరేళ్లండీ, వాళ్లమ్మ పోయేటప్పటికి నాలుగే," అన్నాడు నాగరాజు. "అవనిగడ్డ తీసుకెళ్లి సినిమా చూపిచ్చా. ఇంటికొచ్చాక, అమ్మ ఇట్టాగే మాట్లాడేది గదా నాన్నా అంది. కాదమ్మా అన్నా. మరెట్టా మాట్లాడేది అంది. ఏం చెప్పేదండీ? నేను ఆడగొంతు పెడితే నవ్వుద్ది. ఫొటోలున్నాయి గానీ మాటల్లేవు, మాది బటన్ ఫోనండీ అప్పుడు. రేపు అవార్డంటే టీవీల్లో ఆ గొంతే తిప్పితిప్పి ఏత్తారు. పిల్లకి అదే ఉండిపోద్ది. వాళ్లమ్మ రెండోసారి పోయినట్టేనండీ."

నా జాబితాలో పేరు తీసేసినా జ్యూరీ ఆగదని, అది వేరే, ఇది వేరే అని ఎలాగో చెప్పాను. అతని మొహం వాడిపోయింది. పామర్రు, కంకిపాడు దాటి బస్సులో ఇంతదూరం వచ్చింది ఈ మాట వినడానికా అనిపించి, కిరణ్‌కు ఫోన్ చేశాను.

"పైలట్ ట్రాక్ ఉందా?" అనడిగాను. షూటింగ్ జరిగేటప్పుడు అక్కడికక్కడ రికార్డయ్యే మాటల్ని పైలట్ ట్రాక్ అంటారు. డబ్బింగ్ చెప్పేవాళ్లకు ఆనవాలుగా పనికొస్తుంది. ఆ తర్వాత దాని మొహం ఎవరూ చూడరు.

"ఉండాలి మేడం. కానీ అదున్న హార్డ్ డిస్క్ అద్దెది. సాయంత్రం తిరిగిచ్చేస్తున్నాం. వాళ్లు చెరిపేసి ఇంకో సినిమాకి ఇస్తారు."

"ఇవ్వకు. వస్తున్నాం."

పేజీ పని పక్కవాళ్లకు అప్పజెప్పి, నాగరాజును ఆటో ఎక్కించాను.

సత్యనారాయణపురంలో కిరణ్ ఎడిటింగ్ గది చిన్నది. మేం వెళ్లేసరికి వెతుకుతూనే ఉన్నాడు. మొదట గాలి హోరు, పడవ ఇంజను మోత వినిపించాయి. ఆ వెనక ఒక గొంతు వచ్చింది. నేను మెచ్చుకున్న తడి అందులో లేదు. గరుకుగా, గబగబా, మార్కెట్లో అరిచి అరిచి గట్టిపడిన గొంతు. నాగరాజు లేచి నిలబడ్డాడు.

"అదేనండీ," అన్నాడు.

ఒక సీన్ చివర దర్శకుడు కట్ చెప్పిన తర్వాత కూడా మైకు నడుస్తూనే ఉంది. "దుర్గా! నీళ్లకాడికి పోమాక! ఏమయ్యో, పిల్లని చూడవయ్యా! ఆ కెమెరా వంక చూత్తావేంది?" ఆ కేకకు షూటింగ్‌లో చుట్టూ ఉన్నవాళ్లు గొల్లున నవ్వడమూ వినిపించింది. నాగరాజు కూడా నవ్వాడు. నవ్వుతూనే నేలమీద చతికిలబడి ఏడ్చాడు. నాకూ ఏడుపు ఆగలేదు. కిరణ్ గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

ఆ ట్రాకులన్నీ నాగరాజు కొత్త ఫోన్లోకి ఎక్కించాక కిరణ్ అడిగాడు. "అన్నా, అవార్డు ఎంట్రీ వెనక్కి తీసుకోమంటారా?"

నాగరాజు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "వద్దు బాబూ. చివర్లో పడవకాడ ఏడిసే ముక్క ఉంది గదా. అక్కడ మాత్రం మా ఆవిడ గొంతు పెట్టు. మిగతాదంతా ఆయమ్మ గొంతే ఉండనీ. ఆవిడా కట్టపడింది గదా, ఆవిడ పేరు కూడా ఎయ్యి."

నడుమ గొంతు మారితే జ్యూరీ ఒప్పుకోకపోవచ్చని, నామినేషన్ పోవచ్చని ఉన్నమాట చెప్పాను. "పోతే పోనీండి," అన్నాడు.

కిరణ్ అతను చెప్పినట్టే మార్చి, జ్యూరీకి మళ్లీ పంపాడు. నామినేషన్లు వచ్చాయి. నాంచారమ్మ పేరు లేదు. మేడం జాతకం తప్పిందని ఆఫీసులో నన్ను ఆటపట్టించారు. సినిమాకిచ్చిన మూడో ర్యాంకు మాత్రం నేను మార్చలేదు.

అప్పటినుంచి నటుల పేర్లు అంచనా కట్టే ముందు, ఆ గొంతు ఎవరిదని అడుగుతాను. వేరొకరిదైతే వాళ్ల పేరు పక్కనే రాస్తాను. కొత్త దర్శకులు ఎవరైనా కలిస్తే, డిస్క్ తిరిగిచ్చేముందు పైలట్ ట్రాక్ దాచుకోమని చెబుతాను. ఎవరి ఇంట్లో ఎవరికి అవసరమో మనకు తెలియదు.

నామినేషన్లు వచ్చిన రోజు సాయంత్రం నాగరాజు ఫోన్ చేశాడు. ఓదార్పుగా ఏదో అనబోయాను.

"అది కాదండీ. మా దుర్గ మీతో మాట్లాడతదంట."

ఫోన్ చేతులు మారింది. "మేడంగారూ, మా అమ్మ ఎట్టా మాట్లాడేదో చెప్పనా?" అంది ఆ పిల్ల. నేను ఊ అనేలోపే గరుకుగా, గబగబా కేక పెట్టింది.

"ఏమయ్యో, పిల్లని చూడవయ్యా!"