గెన్సుకే వదలని కూజా

గెన్సుకే సారా కూజాను ఇంకొకరి చేతికి ఇవ్వడు. ట్రాక్టర్ ఇస్తాడు, పొలం ఇస్తాడు, గట్టిగా అడిగితే కట్టుడు పళ్లు కూడా ఇస్తాడేమో. జపాన్‌లోని ఆ కాగోషిమా పల్లెలో కినుయో సారాకొట్టులో పదిమంది చేరారంటే అందరి కప్పులూ ఆయనే నింపాలి. ఒకరి కప్పు ఇంకొకరు నింపడం అక్కడి మర్యాద. ఈయన ఆ మర్యాదనంతా ఒక్కడే గుత్తకు తీసుకున్నాడు.

"అన్నా, ఈసారి నేను పోస్తా."

"నీ చెయ్యి వణుకుతోంది."

"నాది వణకట్లేదుగా!"

"అంటే నువ్వింకా తాగలేదన్నమాట. కూర్చో, పోస్తా."

పోయినేడు సొంత కూతురి పెళ్లిలో వియ్యంకుడు కూజా మీద చెయ్యేశాడు. ఇద్దరూ చెరోవైపు లాగుతుంటే పెళ్లికూతురే వచ్చి విడిపించింది.

కినుయోకి ఒళ్లు మండేది. కొట్టు తనది, కూజాలు తనవి, పెత్తనం ఈయనది! ఆయన ముందు నల్లమట్టి కూజాలు రెండుంటాయి. ఒకదాంట్లో చిలగడదుంప సారా, ఇంకోదాంట్లో కలుపుకునే వేడినీళ్లు. పోస్ట్‌మాన్ షిగెకి కప్పు మాత్రం అటు తిరిగి నింపుతాడు. స్నేహితుడికి నీళ్లు కలపకుండా చిక్కటి సరుకు పోస్తున్నాడని ఆమె అనుమానం.

దుంపల తవ్వకం ముగిసిన రోజు విందులో ఆమె షిగెకి కప్పు లాక్కుని గటగటా తాగేసింది.

ఉత్త వేడినీళ్లు!

"ఎలా ఉందక్కా?" అన్నారు చుట్టూ ఉన్నవాళ్లు.

షిగెకి చేతులు బల్ల కిందికి పోయాయి. రెండేళ్ల కిందటి ఎండాకాలంలో వాటినిండా బొబ్బలు లేస్తే, నూనె చిందిందని చెప్పుకున్నాడు. గెన్సుకే కళ్లతోనే దండం పెడుతున్నాడు.

"అబ్బ, గొంతు కాలింది! మనిషికి ఇంత ఘాటు పోస్తావా? లోపలికి రా, చెప్తా!" అంటూ కినుయో ఆయన్ని వంటింట్లోకి ఈడ్చుకుపోయింది.

"వాడి కాలేయంలో వైరస్ ఉంది తల్లీ," అన్నాడు గెన్సుకే గొంతు తగ్గించి. "మందులు వాడుతున్నాడు. పైన సారా కూడా పడితే ఎండ తగిలిన చోటల్లా చర్మం ఊడొస్తుందట. కప్పుల వల్ల అంటదని డాక్టర్ చెప్పాడు. మనవాళ్లు వింటారా? తెలిస్తే వాడిచ్చిన ఉత్తరం కూడా పుల్లతో తీసుకుంటారు. పోనీ రాకురా అంటే, 'మీరు తప్ప నాకెవరున్నార్రా' అన్నాడు."

"ఎన్నాళ్లుగా?"

"రెండేళ్లు."

"రెండేళ్లు ఉత్త నీళ్లు తాగించావా? రుచీ పచీ లేకుండా!" ఆమె ఉప్పులో ఊరిన పుల్లటి పండొకటి తీసి షిగెకి కప్పులో వేసి, వేడినీళ్లు పోసి ఆయన చేతికిచ్చింది.

అప్పుడే బయట షిగెకి బల్ల మీద దరువేస్తూ, శ్రుతి లేకుండా పాట ఎత్తుకున్నాడు.

"బాగానే నటిస్తున్నాడే!" అంది కినుయో.

"నటన కాదమ్మా," అన్నాడు గెన్సుకే. "మూడో కప్పుకి వాడికి నిజంగానే ఎక్కుతుంది."