యాడి వాగు స్టేజీ

మొన్న తొర్రూరు నుంచి మానుకోటకు చుట్టాల పెళ్లికి పోతున్నాను. పాత రోడ్డుకు మరమ్మతు అంటూ బస్సును తండాల దారిన మళ్లించారు. కిటికీ పక్కన సీటు, కడుపునిండా ఉప్మా, ఇంకేం కావాలి? కునుకు పట్టింది. అంతలో కండక్టరమ్మ "యాడి వాగు స్టేజీ! జర జల్ది దిగుండ్రి" అని కేకేసింది. ఉలిక్కిపడి లేచాను. వంతెన పక్కన నీలం బోర్డు, దాని మీద తెల్లటి అక్షరాలతో అదే పేరు. ఆ పేరు పెట్టింది నేనే. మండల ఆఫీసులో గుమాస్తాగా ఉన్నప్పుడు సమోసా నములుతూ పెట్టాను.

అప్పట్లో ఊళ్ల సమస్యల మీద పడుచువాళ్ల సలహాలు తీసుకోవాలని పైనుంచి కాగితం వచ్చింది. ఊరికిద్దరిని, తండాకొకరిని ఏరి 'యువ సలహా మండలి' అన్నారు. మూడు నెలలకోసారి కూర్చోబెట్టేవాళ్లం. వాళ్లు సలహాలిచ్చేవాళ్లు, మేము సమోసాలిచ్చేవాళ్లం. వాళ్లు చెప్పింది రిజిస్టర్లో ఎక్కించడం నా పని. నా దస్తూరి ముత్యాల కోవలా ఉంటుందని ఆఫీసంతా అనేది. ఆ పొగరు నాకు బాగానే ఉండేది. తండా తరఫున ఇంటర్ చదివే ఒక పిల్ల వచ్చేది. వాళ్లమ్మకు రెండు కిడ్నీలూ చెడిపోయాయి. వారానికి రెండుసార్లు మానుకోట దవాఖానలో రక్తం శుద్ధి చేయించుకోకపోతే బతకదు. తండాకూ రోడ్డుకూ నడుమ వాగు. గట్టి వాన పడిందంటే దాటే దారి లేదు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

ఆ పిల్ల చెప్పాల్సింది పొందిగ్గా కాగితం మీద రాసుకొచ్చింది. తీరా లేచి నిలబడేసరికి చదవాల్సిన వరుస తప్పింది. "సార్, మా తండకు బ్రిడ్జి గావాలె. మా యాడి... వాగు... దాటలేకపోతున్నది సార్" అంది. మా మండలాధ్యక్షుడికి హాస్యం ఎక్కువ. "యాడి వాగా? గది యాడున్నదే? నీకన్న ఎర్కేనా?" అన్నాడు. హాలంతా గొల్లుమంది. నేనూ నవ్వాను, సమోసా ముక్క గొంతుకు అడ్డం పడేదాకా నవ్వాను. పిల్ల కూర్చుని ఆ కాగితాన్ని మడత మీద మడత పెట్టుకుంది. నేను మాత్రం నా ముత్యాల దస్తూరితో 'యాడి వాగుపై వంతెన అవసరము' అని రాసి పైకి పంపించాను.

రెండు నెలలకు ఫైలు తిరిగొచ్చింది. ఆ పేరుగల వాగు రికార్డుల్లో లేదట. ఏమైందని అడగడానికి వచ్చిన పిల్లకు అదే చెప్పాను. బిత్తరపోయి చూసింది.

"సార్, యాడి అంటే మా భాషల అమ్మ. వాగు దాటలేనిది మా అమ్మ. బ్రిడ్జి తర్వాతనన్న ఏద్దురు గాని, వానలు పడకముందే నాలుగు తూములేసి మట్టి పోయించుండ్రి సార్."

తండాల మధ్య ముప్పై ఏళ్లు ఉద్యోగం చేశాను. వాళ్ల పెళ్లిళ్లలో కూర్చుని కడుపునిండా తిన్నాను. వాళ్లు అమ్మను ఏమని పిలుస్తారో ఒక్కనాడూ అడగలేదు. సిగ్గుపడాల్సింది పోయి కోపం తెచ్చుకున్నాను. "గా ముచ్చట ముందుగాల చెప్పద్దా? తెలుగుల మాట్లాడరాదా?" అని కసిరాను. సవరించి పంపడం అరపూట పని. కానీ పంపాలంటే మా ఆఫీసు పెద్దసారు ముందు నా తప్పు ఒప్పుకోవాలి. ఆయనకు బదిలీ అవుతుందంటున్నారు, కొత్తాయన రానీలే అనుకుని ఫైలును బీరువా అడుగున పెట్టేశాను.

బదిలీ కంటే ముందు వానలొచ్చాయి. వాగు తొమ్మిది రోజులు తగ్గలేదు. పదోనాడు ఆ పిల్ల తల్లిని మంచంతో సహా భుజాలకెత్తుకుని రొమ్ము లోతు నీళ్లలో దాటించారు. అవతలి గట్టుకు శవమే చేరింది. పేపర్లో ఫొటో పడింది. ఇక చూడాలి హడావుడి! బీరువాలోని ఫైలుకు రెక్కలొచ్చాయి. లేదన్న వాగు ఉన్నపళంగా రికార్డుల్లోకి ఎక్కింది, అదీ నేను రాసిన పేరుతోనే.

వంతెన ప్రారంభం నాడు ఆ పిల్లను పిలిపించి శాలువా కప్పారు. యువత సలహా ఫలించిందని అధ్యక్షుడు ఉపన్యాసం దంచాడు. నేనూ చప్పట్లు కొట్టాను. జనం పలచబడ్డాక పిల్ల దగ్గరికి పోయి, "బిడ్డా, వాగు పేరు తప్పు పడ్డది. మార్పిస్త" అన్నాను. నా మనసు తేలికపడాలని అన్న మాటే గాని, ఆ పిల్ల కోసం కాదు.

శాలువాను మడత మీద మడత పెడుతూ నా ముఖంలోకి చూసింది.

"మార్పియ్యకుండ్రి సార్. అప్పుడు తప్పు. ఇప్పుడు గది యాడి వాగే."

తిట్టినా బాగుండేది.

దిగేవాళ్లు దిగాక బస్సు కదిలింది. ఎందుకో గడియారం చూసుకున్నాను. వంతెన దాటడానికి అర నిమిషం కూడా పట్టలేదు. నేను ఆనాడు వాయిదా వేసిన అరపూట మాత్రం ఇంకా గడవలేదు.