శేషగిరి గారి నీటి పరీక్ష

ఉత్తరాదిన ఇందిరాపురంలో శేషగిరి గారు అడుగుపెట్టిన ఏ ఇంట్లోనూ ఒక్క వస్తువూ పొడిగా మిగల్లేదు. ఆయన జేబులో ఎప్పుడూ ఒక డ్రాపరు ఉంటుంది. కంటికి ఆనిన ప్రతి దాని మీదా ఓ నీటిచుక్క వేస్తారు. చుక్క ఇంకితే "అచ్ఛా" అంటారు. ముత్యంలా దొర్లిందా, అది సోఫా కానీ, పిజ్జా పెట్టె కానీ, గృహప్రవేశానికి వచ్చిన పెద్దమనిషి కోటు కానీ, కళ్లద్దాలు పైకెత్తి "దొరికాడు!" అని కేక పెడతారు.

ఓసారి వాచ్‌మన్ రెయిన్‌కోటు మీద వేశారు. "అంకుల్‌జీ, యే తో బారిష్ కే లియే హీ హై!" అని, ఇది ఉన్నదే వాన కోసం కదా అని, అతను మొత్తుకున్నాడు. ఇంకోసారి పార్కులో చామాకు మీద వేశారు. చుక్క దొర్లింది. ఆయన చేతులు జోడించారు. "చూశావా సరోజా! కార్ఖానా లేదు, పొగగొట్టం లేదు. ఎంత పనితనం!"

"దణ్ణం అయిపోతే నడవండి. పాలవాడు వచ్చేస్తాడు," అన్నారు భార్య సరోజ.

కింది ఫ్లాటులో ఉండే కస్తూరికి ఆయనంటే కాస్త నవ్వు, కాస్త భయం. తెనాలి పిల్ల. ఆదివారాలు సొసైటీ వాళ్లకు దోసెలు వేసి అమ్ముతుంది. ఇప్పుడు కడుపుతో ఉంది, ఆరో నెల. రెండు నాన్‌స్టిక్ పెనాలే ఆమె వ్యాపారం. వాటి నిండా గీతలే. ఓ మంగళవారం శేషగిరి గారు వచ్చి వాటి మీదా చుక్క వేశారు.

"దొర్లుతుందని నాకు తెలుసు అంకుల్. అందుకే కొన్నాను."

"ఎందుకు దొర్లుతుందో తెలుసా?" అంటూ స్టూలు లాక్కున్నారాయన. ముప్పై ఏళ్లు రసాయనాల ల్యాబులో గడిపిన మనిషి. విషం గురించి చెప్పినా పురాణం చెబుతున్నట్టే ఉంటుంది.

"ఈ పూతలో కార్బనూ ఫ్లోరినూ జంటకట్టి నీటిని అంటనివ్వవు. ఆ రెండూ చెయ్యి పట్టుకున్నాయంటే విడదీయడం మహా కష్టమమ్మా. ఎండకు మాడవు, మట్టిలో కుళ్లవు. ఆ వంశంలో కొన్ని మన నెత్తుట్లో ఏళ్ల తరబడి కాపురం ఉంటాయి. మన కణం ఉంది చూడు, కంటికి కనపడదు, దాని గోడ కొవ్వుతోనే కట్టింది. ఆ వంశం వాడు కొవ్వు వేషం కట్టుకుని వస్తాడు. అది పాపం చుట్టమే అనుకుని తలుపు తీస్తుంది. తీరా పొయ్యిలో పెడితే కాలడు! లోపలి పొయ్యి పొగచూరుతుంది, కాలేయం తడబడుతుంది, టీకా వేసినా ఒంటి సైన్యం సరిగ్గా లేవదు. తల్లి నుంచి బిడ్డకూ పోతాడు."

కస్తూరి చెయ్యి తెలియకుండానే పొట్ట మీదికి వెళ్లింది. భయం కన్నా ముందు అబ్బురం కలిగింది. ఈ క్షణంలో లోపల ఎన్ని కోట్ల కణాలు, ఎవరూ పురమాయించకుండానే, వేళ్లూ గోళ్లూ కట్టుకుంటున్నాయో!

"ఇదంతా ఈ పెనం వల్లేనా?"

"అబద్ధం ఎందుకు చెప్పాలి? పూత ముక్క మింగినా చాలావరకు ఒంటికి పట్టకుండా బయటికే పోతుంది. దాని తయారీలో వాడే చుట్టాలున్నారు చూడు, నీళ్లలో, ప్యాకెట్లలో చేరేవాళ్లు, అసలు పేచీ వాళ్లతో. కానీ మన చేతిలో ఉన్నది పెనమే కదా. ఇనప్పెనం వాడకూడదూ?"

"కొత్త ఇనప్పెనం మీద దోసె లేస్తుందా అంకుల్? చిరుగుతుంది. వచ్చే ఆదివారం కాక పై ఆదివారం నలభై మంది పార్టీకి ఒప్పుకున్నాను. అది చెడితే ఇక నన్నెవరూ పిలవరు. మీరొచ్చి వేస్తారా?"

శేషగిరి గారు డ్రాపరు జేబులో వేసుకుని లేచి వెళ్లిపోయారు. ఆ తర్వాత పన్నెండు రోజులు మనిషి కంటికి కనబడలేదు.

పార్టీ ఆదివారం పొద్దున్నే కస్తూరి స్నానం చేసి వచ్చేసరికి పొయ్యి మీద పెనాలు లేవు.

"పై అంకుల్ పట్టుకెళ్లారు. టెస్ట్ చేస్తారట," అన్నాడు భర్త జశ్వంత్, ఫోన్‌లోంచి తలెత్తకుండా.

"ఇచ్చేశావా? ఇంకాసేపట్లో నలభై మంది!"

మెట్టుమెట్టుకీ ఒక తిట్టు పేర్చుకుంటూ పైకెక్కింది. తలుపు తీసే ఉంది. ఇల్లంతా పొగ. వంటింట్లో శేషగిరి గారు బనీనుతో నిలబడి ఉన్నారు. పొయ్యి మీద రెండు పెద్ద ఇనప్పెనాలు, నల్లగా, నూనె నిగారింపుతో. ఆయన చేతిలో సగం కోసిన ఉల్లిపాయ.

"అంకుల్, నా పెనాలు!"

"నీ పెనాలేమిటే తల్లీ, నా వంటిల్లే పోయి పన్నెండు రోజులైంది!" అన్నారు సరోజ. "బియ్యం కడుగు నీళ్లతో తోమడం, నూనె పట్టించడం, పొగలొచ్చేదాకా కాల్చడం, ఉల్లిపాయతో రుద్దడం, దోసె వెయ్యడం, చింపడం. నీకు చెబుదామంటే వద్దన్నారు. కుదరకపోతే ఆశపెట్టినట్టవుతుందట."

"మరి నావెందుకు ఎత్తుకొచ్చారు?"

"అవి కింద ఉంటే నువ్వు పైకొస్తావా?" అన్నారాయన చిన్నబోతూ. "ఇవి లేవలేదంటే నీవి అదిగో ఆ సంచీలో ఉన్నాయి, పట్టుకుపో."

కస్తూరి అక్కడున్న గిన్నెలోంచి పిండి తీసి పెనం మీద గరిటె తిప్పింది. దోసె ఎర్రబడింది. అంచు, ఎవరో పిలిచినట్టు, తనంతట తానే లేచింది. అట్లకాడ ఆనించగానే ఒక్క చిరుగు లేకుండా మొత్తం చేతికొచ్చింది. ఇనుమూ నూనే నిప్పూ, వాటి మీద ఒక ముసలాయన ఓపికా. అంతే! పేర్చుకున్న తిట్లలో కస్తూరికి ఒక్కటీ గుర్తు రాలేదు.

"మరి చిరిగినవన్నీ ఏంచేశారు ఆంటీ?"

"ఏముందీ, ముక్కలకే రుచి అంటూ మూడు పూటలా ఆయనే తిన్నారు."

శేషగిరి గారు అప్పటికే కంచం పట్టుకుని పొయ్యి దగ్గరికి జరిగారు.

"నలభై మంది తర్వాత. ముందు అది ఇటు వెయ్యమ్మా. గుండ్రంగా ఉన్న దోసె మొహం చూసి పన్నెండు రోజులైంది."