సిమెంటు వేసిన టబ్బు

దయ్యాలను నమ్మడానికి కూడా కాస్త తీరిక కావాలి. నాకు ఆ తీరిక ఎన్నడూ లేదు. మా ఊళ్లో ఎవరికైనా గాలి సోకిందంటే, పనీపాటా లేదు కాబోలని నవ్వేదాన్ని. ఇప్పటికీ నా మాట అదే. కానీ మా ఇంట్లో ఒక సాయంత్రం జరిగినదానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు.

ఎనభైలలో సంగతి. మేము నల్లగొండ నుంచి వచ్చి, ఎల్బీనగర్ దాటాక కొత్తగా వెలిసిన ఒక కాలనీలో ఇల్లు కట్టుకున్నాం. కాలనీ అన్న పేరే గానీ రోడ్డు లేదు, నల్లా లేదు. వీధి చివర బోరింగు కొట్టి బిందెలతో నీళ్లు మోసుకోవాలి. గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, గృహప్రవేశం జరిగిన ఏడాదే మా అత్తమ్మకు పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది. మాట పోయింది.

రోజూ గోరువెచ్చని నీళ్లలో కూర్చోబెట్టి కాలు, చెయ్యి ఆడిస్తే మళ్లీ నడిచే ఆశ ఉందని దవాఖానలో చెప్పారు. అది విని మా ఆయన హర్రాజులో ఒక ఇనుప టబ్బు పాడుకొచ్చారు. ఏదో పాత బంగళా కూలగొడితే వచ్చిందట. మనుషులు మోసుకొచ్చి బాత్‌రూములో ఇటుకల మీద పెట్టారు. వీధి వీధంతా వచ్చి చూసి పోయింది. తాగడానికి నీళ్లు లేని కాలనీలో మాది టబ్బున్న ఇల్లు!

ఆ టబ్బు మొదటి రోజు నుంచే కారింది. నేను కాగులో నీళ్లు కాచి, మోసి, పోసి, అత్తమ్మను ఎత్తి కూర్చోబెట్టి కాలు పట్టేసరికి నీళ్లు సగానికి దిగేవి. ఆమె చలికి వణికేది. మళ్లీ కాచు, మళ్లీ మొయ్యి. ఒక్కోసారి ఆ టబ్బును చూస్తేనే ఏడుపొచ్చేది. ఆమె లేచి నడవాలని నాకు ఎంతో ఆశ. అందులో సగం ప్రేమ, సగం నా నడుం నొప్పి.

ప్లంబర్ మల్లేశు వచ్చి ఏదో బిగించి, "అక్కా, ఇగ సుక్క కారితే నా పేరు మార్చుకుంట" అన్నాడు. మర్నాడే కారింది.

"ఏం పేరు పెట్టుకున్నవ్ తమ్మీ?" అని అడిగాను. నవ్వి మళ్లీ టబ్బు కింద దూరాడు.

బాత్‌రూము నేల ఎప్పుడూ తడే, ఎక్కడ కారుతోందో తెలిసేది కాదు. చివరికి నేను నేల తుడిచి ఆరబెట్టి, టబ్బు కింద ముగ్గుపిండి చల్లాను. నీళ్లు పోసి వంగి చూస్తే సరిగ్గా నీళ్లు పోయే తూము కింద పిండి తడిసి ముద్దయింది. టబ్బుకూ పైపుకూ మధ్య ఉండే వాషరు ఎండి పగిలిపోయింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎన్ని దుకాణాలు తిరిగినా ఆ పాత కొలత వాషరు దొరకలేదు. మల్లేశు సైకిల్ ట్యూబు కోసి వాషరు చేసి, జనపనారకు సఫేదా అనే తెల్లటి ముద్ద పూసి చుట్టి బిగించాడు. ఈసారి పిండి పొడిగానే ఉంది. నీళ్లు మాత్రం తగ్గుతూనే ఉన్నాయి.

టబ్బు లోపల బొగ్గుతో గీత గీసి నీళ్లలో నీలిమందు కలిపాను. కాసేపటికి ఇంటి వెనక మోరీలో నీలం రంగు కనబడింది. అంటే నీళ్లు బిరడా పక్క నుంచి పైపులోకి జారిపోతున్నాయి. తూము అంచు తుప్పు తిని వంకరపోయింది, ఏ బిరడా పెట్టినా సందు మిగులుతోంది. మా ఆయనకు విసుగొచ్చింది. ఇల్లు కట్టగా మిగిలిన సిమెంటు తెచ్చి తూమును పూర్తిగా పూడ్చేశారు.

"ఇప్పుడెట్ల పోతయో చూద్దాం" అన్నారు.

పోలేదు. సిమెంటు గట్టిపడ్డాక నీళ్లు గీత దగ్గరే నిలిచాయి. స్నానం అయ్యాక వాటిని చెంబుతో తోడి చెట్లకు పోయడం కొత్త చాకిరీ, అయినా నాకు పండగలా అనిపించింది. అనుమానం తీరక ముగ్గుపిండి చల్లడం మాత్రం మానలేదు. అత్తమ్మ కాలివేళ్లు కదలడం మొదలైంది.

ఎండాకాలం, ఒక సాయంత్రం. అంతకు రెండు మూడు రోజుల ముందునుంచే నాకు ఒళ్లు వెచ్చగా ఉంటోంది. చెప్పినా పని ఆగేది కాదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. అత్తమ్మను ఛాతీ దాకా నీళ్లలో కూర్చోబెట్టి, ఇంకో చెంబెడు వేడినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లాను. కాగు మూత తీయడం గుర్తుంది. ఆ తర్వాత గుర్తున్నది మా ఆయన గొంతు. నేను గడప దగ్గర పడి ఉన్నాను, నుదురు చిట్లింది. ఆయన ఆఫీసు నుంచి అప్పుడే వచ్చారు. బయట పొద్దు గూకింది.

"అత్తమ్మ టబ్బుల ఉన్నది" అన్నాను. ఇద్దరం పరుగెత్తాం.

ఆమె టబ్బు అడుగుకు జారి వెల్లకిలా పడి ఉంది. జుట్టు నడినెత్తి దాకా తడిసి ముద్దయింది. ముక్కులోంచి నీళ్లు వస్తున్నాయి, దగ్గుతోంది. టబ్బులో నీళ్లు లేవు.

ఆమె కుదుటపడ్డాక మా ఆయన టార్చిలైటు పట్టుకుని టబ్బు కింద చూశారు. ముగ్గుపిండి చల్లింది చల్లినట్టే పొడిగా ఉంది. సిమెంటు మీద గీటు లేదు, స్క్రూడ్రైవరుతో పొడిచినా రాలలేదు. వెనక మోరీ ఎండి ఉంది. ఎవరైనా వచ్చి నీళ్లు తోడేశారా అంటే, తోడినవాళ్లు మునిగిన మనిషిని లేపకుండా నీళ్లెందుకు తోడతారు?

నుదుటికి గుడ్డ కట్టుకుని అత్తమ్మ పక్కన కూర్చున్నాను. "ఏమైంది అత్తమ్మా?" అంటే, ఆమె బాగున్న ఎడమచెయ్యి ఎత్తి నా నుదుటి కట్టు తడిమింది. నీళ్లలో మునిగి బతికిన మనిషి, నా దెబ్బ చూసి ఏడ్చింది. నాకూ ఏడుపు ఆగలేదు.

మా కాలనీ భూములన్నీ ఒకప్పుడు ఎదురింటి లక్ష్మమ్మ వాళ్లవే. "గీడ మా బాయి ఉండె బిడ్డా. ప్లాట్లు చేసేటప్పుడు పూడ్చిన్రు. గదే తాగింది నీళ్లు" అంది ఆమె. తీరా బావి ఎక్కడుండేదో చూపించమంటే మా గోడకు చాలా అవతల చూపించింది. మల్లేశు వచ్చి సిమెంటును వేలితో కొట్టి చూసి, ఈసారి పేరు సంగతి ఎత్తకుండా వెళ్లిపోయాడు. మా ఆయన ఎన్నో లెక్కలు వేసి, చివరికి ఆ సంగతి ఎత్తడమే మానేశారు. ఆ నీళ్లు ఎటు పోయాయో నాకు ఈనాటికీ తెలియదు. తెలిసినట్టు చెప్పేవాళ్ల మాటలు వినే ఓపికా లేదు.

మర్నాడు టబ్బు నింపి చూశాం. నీళ్లు గీత దగ్గరే ఉన్నాయి. ఆ తర్వాత ఎన్నడూ వేలెడు కూడా తగ్గలేదు. అత్తమ్మ కర్ర పట్టుకుని నడిచేదాకా ఆ టబ్బే వాడాం. ఒంట్లో బాగున్నా లేకున్నా, పొయ్యి మీద పాలు పొంగినా, వాకిట్లో ఎవరు పిలిచినా, ఆమె అందులో ఉన్నంతసేపు నేను పక్క నుంచి కదల్లేదు. మళ్లీ జారితే? టబ్బు ఇప్పుడు కారడం లేదు కదా.