ఆల్బినా చూసిన ఆట

ఆల్బినా సెడ్లచెక్ మా కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు బట్టలు ఇరవై ఏడేళ్ళుగా ఉతుకుతున్నా అప్పటికి ఒక్క ఆటకూ వచ్చి ఎరగదు. శనివారం మధ్యాహ్నం బ్లూ ఫోర్క్ ఊరంతా మైదానం చుట్టూ చేరి గొంతులు చించుకుంటుంటే ఆమె ఇంట్లో కొలాచీలనే తీపి బన్నులకు పిండి కలుపుకునేది. ఆదివారం చర్చి నుంచి నేరుగా జిమ్ కింద నేలమాళిగలో ఉన్న తన గదికి వెళ్ళి, కుప్పపోసిన బట్టలను ఒక్కొక్కటే దులిపి వెలుతురుకు పట్టి చూసేది. ఆమెకు ఆటంటే అదే.

నేనక్కడ కెమిస్ట్రీ చెప్పేవాణ్ణి. చిన్న కాలేజీ కనుక సాయంత్రాలు ముందు వరుస కుర్రాళ్ళకు తర్ఫీదిచ్చే పని కూడా నా నెత్తినే పడింది. ఆల్బినాతో నాకు పరిచయమైంది మాత్రం కెమిస్ట్రీ వల్లే. ఒకనాడు ల్యాబుకు వచ్చి, "ప్రొఫెసరుగారూ, గడ్డి మరకకు మందేదైనా ఉంటే ఇద్దురూ" అంది. ఏదో ఆమ్లం పలుచన చేసి సీసాలో పోసిచ్చాను. మర్నాడు ఆ సీసా తెచ్చి బల్ల మీద పెట్టింది.

"మీ చదువంటే నాకు గౌరవమేనండీ. కానీ వెనిగర్ నయం" అని చెప్పి వెళ్ళిపోయింది.

ఆమె పుట్టింది ఊరికి నాలుగు మైళ్ళ దూరంలోని పొలంలో. ఆరుగురు అన్నదమ్ముల మధ్య ఒక్కతే ఆడపిల్ల. పన్నెండో ఏటికే ఇంటిల్లిపాది బట్టలూ ఆమె చేతికొచ్చాయి. ఎవడు కొట్టం వెనక సిగరెట్టు కాల్చాడో, ఎవడు దున్నకుండా చెట్టు కింద పడుకున్నాడో వాళ్ళమ్మకు చెప్పేది ఆ బట్టలే. పెళ్ళయ్యాక ఆ విద్య మొగుడు ఎమిల్ మీదికి మళ్ళింది. కంచె బాగుచేసి వస్తున్నానన్నవాడి ప్యాంటు మడతలోంచి చేప పొలుసు తీసి, సూప్ గిన్నె పక్కన పెట్టిందట. అప్పట్నుంచీ ఎమిల్ చేపలకు వెళ్తే చెప్పే వెళ్ళేవాడు.

కుర్రాళ్ళు ఆమెను 'టేటా' అనేవారు. చెక్ భాషలో అత్త అని. ఆమె మాత్రం ఎవర్నీ పేరుతో పిలిచేది కాదు. చొక్కా మీది అంకె ఏదో అదే వాడి పేరు. ముందు వరుసలో ఆడే మార్విన్ డొలెజల్ ఒకసారి కిరాణా కొట్లో కనబడి నమస్కారం పెడితే ఎగాదిగా చూసి, "ఎవరబ్బాయివి నువ్వు?" అంది. వాడు నొచ్చుకుని వెనుదిరిగి నాలుగడుగులు వేశాడు. "ఓరి, డెబ్బై నాలుగువా! ముందే అటు తిరగకూడదూ?" అంది ఆల్బినా.

పందొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో మాకు కొత్త కోచ్ వచ్చాడు. పేరు వెండెల్ రాత్‌బన్, ముప్పై నాలుగేళ్ళు, గడ్డం నున్నగా గీసుకునే మనిషి. ఏదో పెద్ద యూనివర్సిటీలో సహాయకుడిగా పనిచేసి, వస్తూ వస్తూ అక్కడి ఎత్తుల పుస్తకం చంకన పెట్టుకొచ్చాడు. అందులో నాలుగు వందల పన్నెండు ఎత్తులు. అన్నీ బంతిని గాల్లో దూరంగా విసిరే ఆటకు రాసినవే. అక్కడ విసిరేవాడి చెయ్యి ఫిరంగి, అందుకునేవాళ్ళు జింకలు.

మాకున్న విసిరేవాడు లోరెన్ టీడీ. వాడు విసిరిన బంతి ఇరవై గజాలు దాటిందంటే దారి మరిచిపోయేది. ఒకసారి బ్యాండు మేళంలో బాకా ఊదేవాడి ఒళ్ళో పడింది. విసిరేవాడికి కాస్త తీరిక దొరకాలంటే ముందు వరుసవాళ్ళు వెనక్కి అడుగులేస్తూ, మీదపడే వాళ్ళను ఆపాలి. నా వరుస అడుగులు వేసేది గానీ ఎవర్నీ ఆపేది కాదు. వరసగా అయిదు ఆటలు ఓడిపోయాం. అయిదోసారి నలభై ఒకటికి సున్నా.

ఆ సోమవారం పొద్దున నేనూ వెండెల్ అతని గదిలో పుస్తకం ముందేసుకుని కూర్చున్నాం. అతను నాలుగు వందల పదమూడో ఎత్తు గీస్తున్నాడు. ఆల్బినా తలుపు తట్టకుండా లోపలికొచ్చి, చేతిలోని ప్యాంటును పుస్తకం మీద పరిచింది.

"కోచ్ బాబూ, ఈ డెబ్బై నాలుగును కూర్చోబెట్టడం మానేస్తావా?"

"కూర్చోబెట్టడమేంటండీ? ప్రతి ఆటా ఆడిస్తున్నాను కదా వాణ్ణి!"

"ఆడించే కూర్చోబెడుతున్నావు. ఇదుగో మోకాళ్ళు చూడు, పెళ్ళికొడుకు ప్యాంటులా ఉన్నాయి. ఇప్పుడు వెనక్కి తిప్పి చూడు. ఆవుల్ని తోలుకొచ్చి మేపుకోవచ్చు. అయిదు వారాల బట్టి ఇదే వరస. ఒక్కోటీ గంటసేపు రుద్దుతున్నా. మా ఎమిల్ వీపు కూడా నేనంతసేపు రుద్దను."

వెండెల్ ముఖం ఎర్రబడింది. "ఆల్బినాగారూ, మేమిక్కడ ఆట గురించి మాట్లాడుకుంటున్నాం."

"మాట్లాడుకోండి, నేనొద్దన్నానా? మంగళవారం ప్రాక్టీసులో వీడి చేత ఏం చేయిస్తారో అదే శనివారం కూడా చేయించమంటున్నా. మంగళవారం బట్టల్లో వెనకంతా తెల్లగా ఉంటుంది, మట్టి మోకాళ్ళకే. మోకాళ్ళదైతే పది నిమిషాల్లో పోతుంది నాకు."

ప్యాంటు అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. వెండెల్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మంగళవారం ఏం చేయిస్తున్నాం మనం?" అన్నాడు.

"బంతితో పరిగెత్తే ఎత్తులు. ముందు వరుస ఎదుటివాణ్ణి ముందుకు నెట్టుకుపోవాలి" అన్నాను. అంటూండగానే నాకు సిగ్గేసింది. మార్విన్ వాళ్ళ నాన్నకు పందుల ఫారముంది. బురదలో దిగబడ్డ ట్రక్కును వాడొక్కడే తోసి రోడ్డెక్కించిన సంగతి ఊళ్ళో చంటిపిల్లలకూ తెలుసు. వెనక్కి నడుస్తూ ట్రక్కు తోసేవాడెవడూ ఉండడు.

మధ్యాహ్నం వెండెల్ నన్ను వెంటబెట్టుకుని నేలమాళిగకు దిగాడు. ఆల్బినా పని ఆపలేదు. అతను బట్టల బుట్టొకటి బోర్లించి, దాని మీద కూర్చుని నోటు పుస్తకం తీశాడు.

"ఇరవై రెండు గురించి చెప్పండి."

ఇరవై రెండంటే డ్వేన్ పోస్పిశిల్. బంతి పట్టుకుని పరిగెత్తేవాడు, బక్కపలచటి మనిషి.

"వాడికి సున్నం" అంది ఆల్బినా.

"సున్నమా?"

"మైదానం అంచున గీత గీస్తారే, ఆ సున్నం. కొన్ని వారాలు చొక్కా నిండా అదే, గుడ్డ మాత్రం చెక్కుచెదరదు. కొన్ని వారాలు సున్నం చుక్క ఉండదు, చొక్కా పేలికలే. సున్నం అంటిన వారమే మీ ముఖాల్లో కాస్త కళ ఉంటుంది."

వెండెల్ గబగబా రాసుకున్నాడు. మేము డ్వేన్‌ను మధ్యలోంచి, వందేసి కిలోల మనుషుల గుంపులోకి తోలుతున్నాం. అంచువెంట పోనిచ్చింది ఎన్నిసార్లో వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

"పన్నెండు?"

పన్నెండంటే లోరెన్. ఆల్బినా ఏప్రన్ జేబులోంచి మూడు పేకముక్కలు తీసి ఇస్త్రీ బల్ల మీద పెట్టింది. మూడూ ఆసులే. మెషీన్లో తిరిగి తిరిగి వెలిసిపోయాయి.

"సాక్సులోంచి వచ్చాయి. ఎప్పుడోకప్పుడు వాడే వచ్చి అడుగుతాడని దాచా."

కాలేజీలో పేకాట నిషేధం. వెండెల్ ఆ ముక్కలు అందుకుని బుట్ట మీంచి దిగ్గున లేచాడు. "వీణ్ణి ఇవాళే..." అని, ఉన్నట్టుండి ఆగి నావైపు తిరిగాడు. "వీడు ఎవరితో ఆడతాడు?"

నేను గొంతు సవరించుకున్నాను. "గురువారాలు... మాతోనే. నేను, డీన్‌గారు, ఇంకా ఇద్దరు."

"ఎప్పుడైనా పట్టుబడ్డాడా?"

"మూడేళ్ళుగా ఆడుతున్నాం. నాకిప్పుడే తెలుస్తోంది."

వెండెల్ మళ్ళీ బుట్ట మీద కూలబడ్డాడు. ముందు చిన్నగా నవ్వాడు, తర్వాత బుట్ట కిర్రుమనేలా నవ్వాడు. వచ్చినప్పట్నుంచీ అతను నవ్వగా చూడటం అదే మొదటిసారి. ఆల్బినా ఇస్త్రీపెట్టె ఎత్తి పట్టుకుని, "దీనికంత నవ్వెందుకు? ఆ ఆసులు ఇలా ఇచ్చెయ్, అవి వాడివి" అంది.

ఆ వారం నాలుగు వందల పన్నెండు ఎత్తులూ బీరువాలోకెళ్ళాయి. పరిగెత్తే ఎత్తులు పదకొండు మిగిలాయి. మార్విన్ ముందుకే వెళ్ళాలి, ఎవరెదురొచ్చినా సరే. డ్వేన్ అంచు పట్టుకుని పోవాలి. లోరెన్ బంతిని డ్వేన్‌కు ఇచ్చినట్టే ఇచ్చి, తన తుంటి వెనక దాచుకుని, ఏమీ ఎరగనట్టు మెల్లగా రెండో వైపు నడవాలి. దాంతో ఎదుటివాళ్ళకు ఎప్పుడు నిజంగా ఇచ్చాడో, ఎప్పుడు ఇవ్వలేదో తెలియదు.

"అబద్ధం ఆడమంటున్నారా కోచ్?" అని అడిగాడు లోరెన్.

"ఆడమనడం లేదు నాయనా, నీకు ముందే వచ్చుగా."

శనివారం ఆరో ఆటలో మార్విన్ మొదటిసారి ముందుకురికినప్పుడు, ఎదుటివాడు అయిదు గజాలు వెనక్కెళ్ళి వెల్లకిలా పడ్డాడు. మార్విన్ వాణ్ణి లేపి, దుమ్ము దులిపి, "ఏమనుకోకు బ్రదర్" అన్నాడు. పాపం, ఆట అయ్యేసరికి ఆ మాట ఇరవైసార్లకు పైగా అనాల్సొచ్చింది.

చివరి నిమిషాల్లో మేము రెండు పాయింట్లే వెనకబడి ఉన్నాం. లోరెన్ బంతి పట్టిన చెయ్యి డ్వేన్ కడుపుకు ఆనించాడు. డ్వేన్ బంతిని పొదువుకున్నట్టే వంగి గుంపులోకి దూకాడు, ఎదుటి జట్టంతా వాడి మీద పడింది. వెండెల్ టోపీ తీసి నేలకేసి కొట్టి, "మధ్యలోకి వెళ్ళొద్దని చెప్పానా లేదా వెధవకి!" అని అరిచాడు. తాను చెప్పిన ఎత్తు తానే నమ్మాడు. రెఫరీ కూడా నమ్మి, ఆ కుప్ప దగ్గర ఈల వేశాడు. అప్పటికి లోరెన్ బంతిని తుంటి వెనక దాచుకుని అవతలివైపు ఒక్కడే, ఉత్తరం పోస్టు చేయడానికి వెళ్తున్నవాడిలా చివరి గీత కేసి నడుస్తున్నాడు.

ఈల మోగితే ఆట ఆగినట్టే. లోరెన్ గీత దాటాడు గానీ అది చెల్లలేదు. ఓడిపోయాం. అయినా బట్టలు మార్చుకునే గదిలో ఏదో పెళ్ళి జరుగుతున్నంత సందడి. వెండెల్ లోరెన్‌ను కావిలించుకుని, "నన్ను మోసం చేశావురా!" అని ఆనందంగా అరుస్తున్నాడు.

తర్వాతి శనివారం ఆట మొదలవకముందే వెండెల్ వెళ్ళి రెఫరీని పక్కకు పిలిచాడు.

"అయ్యా, మా పన్నెండో నంబరు కుర్రాడు మోసగాడండీ. బంతిని కళ్ళారా చూస్తే తప్ప ఈల వెయ్యకండి."

"అసలు బంతి ఎక్కడుంటుందో నాకైనా చెప్తారా?"

"నాకు తెలిస్తే కదండీ!"

ఆ ఆట గెలిచాం. ఆ పైది కూడా గెలిచాం. ఆదివారం నేలమాళిగకెళ్ళి చూస్తే మార్విన్ ప్యాంటు వెనక మల్లెపువ్వులా ఉంది. ఆల్బినా మాత్రం ఇరవై రెండు చొక్కా పట్టుకుని, "ఇంత సున్నమా! వీడు ఆడుతున్నాడా, గోడలకు వెల్ల వేస్తున్నాడా?" అని సణుగుతోంది.

ఆఖరి ఆట మా ఊళ్ళోనే. వెండెల్ స్వయంగా సెడ్లచెక్ వాళ్ళింటికెళ్ళి, ఆమె పెట్టిన గసగసాల కొలాచీలు నాలుగు తిని, "టేటా, ఈ ఒక్కసారి రండి. నా పక్కన కూర్చుందురుగాని" అని బతిమాలాడు. ఎమిల్ కూడా వెళ్ళమన్నాడు. అతనికి చేపలకు పోవాలని ఉంది.

ఆల్బినా ఆదివారం చర్చికి పెట్టుకునే టోపీ పెట్టుకుని వచ్చింది. బెంచీ మీద వెండెల్ పక్కన చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మొదటి ఎత్తులో డ్వేన్ అంచువెంట ముప్పై గజాలు ఉరికి పడిపోయాడు. ఊరంతా కేకలు. ఆల్బినా లేచి నిలబడి, "అయ్యో, అయ్యో, అది పోదు! ఆ మోచేతిది పోదు!" అంది. ఎదుటి జట్టు కుర్రాడొకడు మా ముందే బురదలో జారితే, వాడి మీదా జాలి పడింది. "చల్లనీళ్ళలో నానబెట్టమని చెప్పు బాబూ మీవాళ్ళకి. వేడినీళ్ళు తగిలితే నిలిచిపోతుంది."

సగం ఆట ముగిశాక సంచీ సర్దుకుని లేచింది.

"అదేంటి టేటా, మనమే ముందున్నాం!" అన్నాడు వెండెల్.

"ఉండండి, సంతోషమే. ఇంత దూరం నుంచి నాకేం కనబడుతుంది బాబూ? రేపు తీరిగ్గా చూసుకుంటాలే."

ఆ ఆటా గెలిచాం. తొమ్మిదిలో మూడు. బ్లూ ఫోర్క్‌లో అది ఊరేగింపు తీయాల్సిన సంగతే, తీశాం కూడా. మూడేళ్ళు తిరిగేసరికి వెండెల్‌ను వేరే రాష్ట్రం వాళ్ళు పెద్ద కాలేజీకి తీసుకుపోయారు. ఆల్బినాను కూడా రమ్మన్నాడు గానీ ఆమె నవ్వి ఊరుకుంది.

అతను వెళ్ళిన ఏడాది అక్టోబరులో ఆమె గదికి ఫోనొచ్చింది. గడ్డి మరకకు మరో మందిస్తానని వెళ్ళి, అప్పుడే రెండోసారి చీవాట్లు తిని అక్కడే నిలబడి ఉన్నాను.

"టేటా, చచ్చిపోతున్నాను" అంటోంది వెండెల్ గొంతు, పక్కనున్న నాకూ వినబడేలా. "ఇక్కడ మైదానంలో ప్లాస్టిక్ గడ్డి పరిచారు. మట్టి లేదు, సున్నం లేదు, మరకే లేదు! ఎవడికి ఏం చేతనవునో నాకెలా తెలుస్తుంది?"

ఆల్బినా ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, చేతిలోని ప్యాంటు తిరగేసింది.

"మరైతే ఆ పిల్లల్నే అడగవయ్యా."

"పిల్లల్నా?" అంది అవతలి గొంతు. "ఇంకెవర్ని?" అని ఆమె ఫోను పెట్టేసి, ఆ ప్యాంటును వెనిగర్ బకెట్లో ముంచింది.