కందిచేలో సర్వే రాయి

మొన్న మధ్యాహ్నం అన్నం తిని అలా నడుం వాల్చానో లేదో ఫోను మోగింది. అవతల ఎవరో కుర్రవాడు. నేనెవరో అడక్కుండానే, "మేడమ్, నందిగామ శివార్లో మన వెంచరండి, హైవేకి ఆనుకునే ఉంటదండి" అని అందుకున్నాడు. ఈ వయసులో స్థలం కొని నేనేం చేసుకోను నాయనా అనబోతుంటే అసలు సంగతి బయటపెట్టాడు. "మెట్రో వస్తందండి! బెజవాడ నుంచి ఇటేపు పొడిగిస్తారంట గదా. స్టేషను మన గేటు ముందేనండి." ఎప్పుడొస్తుంది బాబూ అని అడిగాను. "సర్వే అయిపోయిందండి. ఇంక వచ్చేసినట్టే. పక్కనే అమ్మోరి గుడి కూడా ఉందండి, చాలా మహిమగల తల్లి. రైలూ గుడీ రెండూ నడిచిపోయే దూరమేనండి." నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పిల్లవాడి తప్పేమీ లేదు, పొట్టకూటి కోసం మాట్లాడుతున్నాడు. కానీ "సర్వే అయిపోయింది, ఇంక వచ్చేసినట్టే" అన్న ఆ మాట అతను పుట్టక ముందు, అతని తండ్రి కూడా పుట్టక ముందు, అదే శివార్లో, అదే ధీమాతో మా నాన్న నోటి నుంచి విన్నాను. ఒకసారి కాదు, ఏళ్ళ తరబడి విన్నాను.

మా నాన్న నందిగామలో చిన్న రైతు, పెద్ద వక్త. మెట్టపొలంలో కంది, జొన్న, మిరప వేసేవాడు. సాయంత్రం కాళ్ళు కడుక్కుని అరుగు మీద కూర్చున్నాడంటే మూఢనమ్మకాల మీద విరుచుకు పడేవాడు. గ్రహణం రోజు ఊరంతా తలుపులు మూసుకుని కూర్చుంటే, మా ఇంటి ముందు పొయ్యి పెట్టించి మిరపకాయ బజ్జీలు వేయించేవాడు. దారిన పోయే వాళ్ళని ఆపి మరీ తినమనేవాడు. మా అమ్మ మొహం గంటు పెట్టుకుని బజ్జీలు వేసేది, తను మాత్రం గ్రహణం విడిచాకే తినేది. అది చూసి కూడా చూడనట్టు ఊరుకునేవాడాయన. సంస్కరణ మన పెరటి దాకా వచ్చేసరికి కాస్త చూపు తగ్గడం ఆ కాలపు వక్తల్లో చాలామందికి ఉండేది. నాకు ఇవాళ ఉన్న ఈ నోరూ ఈ తగవులమారితనమూ ఆ అరుగు మీద నేర్చుకున్నవే. కాబట్టి ఆయన్ని తిట్టాలన్నా ఆయన ఇచ్చిన మాటలతోనే తిట్టాలి.

మా అక్క నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది. లెక్కలంటే దానికి ఆట. మేకకు కాలు విరిగితే కర్రముక్కలు కట్టి బాగుచేసేది. డాక్టరు కావాలన్నది దాని కోరిక. ఎస్సెల్సీ మంచి మార్కులతో పాసైంది. ఇక బెజవాడ కాలేజీలో చేరాలి. అడ్డం చెప్పే మనిషి కాదుగదా మా నాన్న! ఆడపిల్లల చదువు గురించి సభలు పెట్టి మాట్లాడిన మనిషి. "తప్పకుండా చదువుతావమ్మాయ్. కానీ హాస్టల్లో పడెయ్యడం నాకిష్టం లేదు. బస్సులో చుట్టపొగల మధ్య ఇరుక్కుని వెళ్ళడం అంతకంటే ఇష్టం లేదు. రైలు వస్తోంది. ఆడవాళ్ళకి వేరే పెట్టె ఉంటుంది. పొద్దున్నే పెరుగన్నం తిని వెళ్తావు, దీపాలవేళకి ఇంట్లో ఉంటావు" అన్నాడు. ఇది వినడానికి ఎంత మర్యాదగా ఉందో చూడండి. కాదనడానికి ఒక్క ముక్క దొరకదు. అక్క నమ్మింది. నేనూ నమ్మాను. నమ్మడానికి కారణం కూడా కళ్ళెదురుగా ఉంది. ఆ చలికాలమే సర్వేవాళ్ళు వచ్చారు.

వాళ్ళు రోడ్డు పక్కన గుడారాలు వేశారు. మూడుకాళ్ళ మీద గొట్టం పెట్టి ఒంటికన్నుతో చూసేవారు, ఎరుపూ తెలుపూ చారల కర్రలు పట్టుకుని చేలల్లో నిలబడేవారు, ఇనుప గొలుసులు ఈడ్చేవారు. బెజవాడ నుంచి కంచికచర్ల, నందిగామ మీదుగా జగ్గయ్యపేట దాకా ఊరూరికీ పొద్దునా సాయంత్రం బండి అని ఊళ్ళో చెప్పుకున్నారు. పాలెంలోని చర్చిలో ఆదివారం రైలు కోసం ప్రార్థన చేశారు. గుళ్ళో పూజారిగారు రైలు పేరున అర్చన చేశారు. మా నాన్న ఇద్దరినీ సమానంగా దులిపేశాడు. "ఇంజను బొగ్గుతో నడుస్తుందిరా, దణ్ణాలతో కాదు" అన్నాడు. వెళ్ళేటప్పుడు సర్వేవాళ్ళు తమ దారి వెంట రాళ్ళు పాతి వెళ్ళారు. అందులో ఒకటి మా కందిచేలో పడింది. మోకాలెత్తు రాయి, తల మీద సున్నం, నుదుట ఒక బాణం గుర్తు.

నెల తిరక్కుండా ఆ రాయికి పసుపు పూశారు, కుంకుమ పెట్టారు. కంది కోతకొచ్చిన ఆడకూలీల పని అది. మా వైపు చేలో రాయి నిలువుగా నిలబడి ఉంటే దాన్ని ఊరికే వదలరు. గట్టు రాయి కానీ, పొలిమేర రాయి కానీ, పని మొదలుపెట్టే ముందు ఒక బొట్టు పెట్టి కొడవలి పట్టుకోవడం అలవాటు. ఇది గవర్నమెంటు రాయే అని మా నాన్న అరిచాడు. కూలీల్లో పెద్దావిడ తాపీగా, "గవుర్మెంటుదైతే మాత్రం ఒట్టి మొహంతో నిలబెడతామా బాబుగారూ? మంచీ చెడ్డా చూడాలిగా" అంది. మిగతావాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. అక్కా నేనూ కూడా నవ్వాము.

మా నాన్న ఊరుకునే రకమా! మర్నాడు పొద్దున్నే చెంబు నీళ్ళూ కొబ్బరిపీచూ పట్టుకుని వెళ్ళి రాయి మీద పసుపంతా తోమి కడిగేశాడు. వాళ్ళు మళ్ళీ పూశారు. ఈయన మళ్ళీ కడిగాడు. శుక్రవారం వాళ్ళు పూయడం, శనివారం ఈయన కడగడం ఒక నియమంలా స్థిరపడింది. కంది అయిపోయి జొన్న వేసినా, జొన్న అయిపోయి చేను బీడు పడినా ఇది మాత్రం ఆగలేదు. జ్వరమొచ్చిన రోజున కూడా కండువా చెవులకు చుట్టుకుని వెళ్ళేవాడు. రాయి తళతళలాడాక రెండడుగులు వెనక్కి వేసి, బాణం గుర్తు బెజవాడ వైపే ఉందా లేదా అని చూసుకుని, తృప్తిగా ఇంటికొచ్చేవాడు. దారిన వెళ్ళే రైతులు, "పెద్దాయన రాయికి అభిషేకం చేస్తన్నాడ్రోయ్" అని నవ్వుకుంటూ పోయేవారు. ఆయనకది వినపడేది కాదు. వినపడినా అది తన గురించేనని తోచేది కాదు.

రైలు ఎందుకు రాలేదో ఎవరూ సరిగ్గా చెప్పలేదు. పైవాళ్ళ సంగతి నాకు తెలియదు కానీ, కిందివాళ్ళం ఏం చేశామో నాకు బాగా తెలుసు. జగ్గయ్యపేటలో మా మేనమామ ఉండేవాడు. నూనె వ్యాపారం, మా నాన్నతో సమానమైన నోరు. రెండు ఊళ్ళ వాళ్ళూ కలిసి ఒకే అర్జీ పెడదామని ఆయన ఇంటి మేడ మీద సభ పెట్టారు. అక్కా నేనూ అమ్మతో పాటు వెళ్ళి, పక్కగదిలో కూర్చుని విన్నాం. మా నాన్న లేచి, బెజవాడ నుంచి నందిగామ దాకా ముందు వేసి తర్వాత పేట సంగతి చూడాలన్నాడు. మామయ్య లేచి, అటు బోనకల్లు వైపు ఉన్న పట్టాల నుంచి పేటకు కొమ్మలైను వేస్తే ఖర్చు తక్కువ, అక్కణ్ణుంచి నందిగామకు రావచ్చన్నాడు. ఒకరు తీర్మానం, ఇంకొకరు సవరణ, సవరణ మీద మరో సవరణ. అధ్యక్షులవారు ఎవరికి ముందు మాట్లాడే హక్కుందో తేల్చేసరికే పొద్దు వాలింది.

"బావా, ముందు పట్టాలు పడనీ, స్టేషనెక్కడో తర్వాత కొట్టుకు చద్దాం" అన్నాడు చివరికి మామయ్య.

"కుదరదు. సిద్ధాంతం తేలాకే సంతకం" అన్నాడు నాన్న.

"నీ సిద్ధాంతం రైలెక్కుద్దా? ఎక్కాల్సింది పిల్ల! నీ కూతురు కాలేజీకి పోవాలయ్యా. బస్సుంది గదా, పంపు."

"మా అమ్మాయి సంగతి నాకొదిలెయ్."

పక్కగదిలో అక్క చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది. సంతకాలు కాలేదు. రెండు ఊళ్ళూ రెండు అర్జీలు పెట్టుకున్నాయి, ఒకదాన్నొకటి కొట్టేస్తూ. వాద ప్రతివాదాలు మనకు కళ్ళు తెరిపించాయని నేను ఇవాళ్టికీ నమ్ముతాను. కానీ ఆ మేడ మీద నేను చూసింది వాదం కాదు, వాదం మీద భక్తి. దానికి కూడా నైవేద్యం కావాలి. ఆ రోజు పెట్టిన నైవేద్యం మా అక్క.

ఏటేటా కాలేజీలు తెరిచేవారు. ఏటేటా నాన్న "వచ్చే ఏడాదికి పడిపోతుంది" అనేవాడు. ఊళ్ళో ఎవరైనా పెదవి విరిస్తే చేలోకి తీసుకెళ్ళి రాయి చూపించేవాడు. "రాయి పాతారు, రాయి అబద్ధం చెబుతుందా?" అనేవాడు. అక్క ఇంట్లో ఉండి నాకు ఆల్జీబ్రా చెప్పింది, అమ్మకు వంటలో సాయం చేసింది, ఊళ్ళో పిల్లల గజ్జికి గంధకం నూరి పూసింది. మొదట్లో పేపరు రాగానే లాక్కుని రైలు వార్త వెతికేది. తర్వాత తర్వాత నేను చదివి వినిపిస్తానన్నా వద్దనేది. కసురుకోవడం కూడా మానేసింది. అది చూసి అమ్మ, "పిల్ల మెత్తబడింది" అని సంతోషించింది. నాకు మాత్రం భయమేసింది.

నేను ఎస్సెల్సీ పాసైన ఏడాది, ఒక శనివారం పొద్దున, నాన్నకు కాఫీ ఇద్దామని ఇద్దరం చేలోకి వెళ్ళాం. ఆయన వంగి రాయి తోముతున్నాడు. పీచులోంచి పసుపు నీళ్ళు కారుతున్నాయి. నేను నా కాలేజీ మాటెత్తాను. ఆయన తలెత్తకుండానే, అరిగిపోయిన పద్యం చెప్పినట్టు చెప్పాడు: "రైలు రానీ అమ్మాయ్. ఆడవాళ్ళకి వేరే పెట్టె ఉంటుంది. పొద్దున్నే పెరుగన్నం తిని..."

"దీపాలవేళకి ఇంట్లో ఉంటుంది" అని పూర్తిచేసింది అక్క.

నాన్న తలెత్తాడు.

"కూలోళ్ళు ఈ రాయికి బొట్టు పెట్టి, వాళ్ళ పని వాళ్ళు చేసుకున్నారు నాన్నా" అంది అక్క. గొంతు పెంచలేదు. "నువ్వు దీనికి నన్ను కట్టేశావు. ఇప్పుడు చెల్లిని కూడా కడతానంటే నేనూరుకోను. సోమవారం పొద్దున బస్సుకి ఇది వెళ్తంది. నేను దిగబెడతా."

సభల్లో ఎంతమంది పండితుల నోళ్ళు మూయించిన మనిషో! చేతిలో కొబ్బరిపీచు, ఎదురుగా సగం కడిగిన రాయి. కాఫీ చల్లారిపోయింది. మేమిద్దరం వచ్చేశాం.

సోమవారం నా పుస్తకాల సంచీ సైకిలు మీద పెట్టుకుని ఆయనే బస్సు దగ్గరికి తీసుకొచ్చాడు. బస్సు కిక్కిరిసి ఉంది. మేమెక్కగానే కండక్టరు, "ఆడపిల్లలొచ్చారు, ముందు సీట్లో మీరిద్దరూ లేవండయ్యా! ఆ చుట్ట అవతల పారెయ్ బాబాయ్, రోడ్డంతా నీదే, దిగాక కాల్చుకో" అని కేకేశాడు. ఇద్దరు మగవాళ్ళు గొణుక్కుంటూ లేచారు. చుట్ట కిటికీలోంచి బయటపడింది. మేం కూర్చున్నాం. అక్క ఆ సీటు రేకును చేత్తో ఒకసారి తడిమి చూసి, "ఇదేనే మన ఆడవాళ్ళ పెట్టె" అంది. నవ్వబోయి మానేసింది. కీసర దగ్గర వంతెన కింద మునేరు నిండుగా పారుతోంది. అక్క కిటికీ వైపు మొహం తిప్పుకుంది. బెజవాడ వచ్చేదాకా మళ్ళీ ఇటు తిప్పలేదు.

నేను రోజూ బస్సులో వెళ్ళి వచ్చాను. చాలాసార్లు దీపాలు పెట్టాక చాలాసేపటికి ఇల్లు చేరాను. ఆకాశమేమీ విరిగి పడలేదు. అక్కను కూడా చేరమని నేనూ, ఆశ్చర్యంగా నాన్నా, ఇద్దరం అడిగాం. "చిన్నపిల్లల మధ్య నాకేం బాగుంటుంది? ఎన్నో ఏడు చదువుతున్నానని చెప్పను?" అంది. తర్వాత టీచరు ట్రైనింగై, చందర్లపాడులో పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైంది. మంచి టీచరని పేరు. ఊళ్ళో ఏ పిల్లకు జ్వరమొచ్చినా ముందు దాని దగ్గరికే తీసుకొచ్చేవారు. అది నాడి చూసి, కళ్ళ రెప్పలు తీసి చూసి, "డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి" అని చెప్పి లోపలికి వెళ్ళిపోయేది.

నాన్న ఆ శనివారం తర్వాత రాయి కడగలేదు. కడిగేవాళ్ళు లేక దాని మీద పసుపు పెరిగింది. తర్వాత చీరముక్క వచ్చింది, రేకుల పందిరి వచ్చింది. చేను చేతులు మారింది. ఇప్పుడక్కడ ఇనప కటకటాలు, మైకు, ఏటా జాతర. వెంచరు కుర్రవాడు చెప్పిన మహిమగల తల్లి అదే. ఆ మహిమేమిటో నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఎవరూ మిగల్లేదు. జగ్గయ్యపేట వైపు పట్టాలు మాత్రం తర్వాతెప్పుడో పడ్డాయి, సిమెంటు కోసం. మా మనుషుల కంటే మా సున్నపురాళ్ళకు పలుకుబడి ఎక్కువని అప్పుడు తెలిసింది.

"మేడమ్, లైన్లో ఉన్నారా?" అన్నాడు కుర్రవాడు. ఉన్నానన్నాను. మీ ఇంట్లో కాలేజీకి వెళ్ళాల్సిన ఆడపిల్ల ఎవరైనా ఉందా బాబూ అని అడిగాను. "మా చెల్లుందండి, ఈ ఏడే ఇంటరైంది" అన్నాడు, ఎందుకు అడుగుతున్నానో తెలియక. దాన్ని రేపే బస్సెక్కించమని చెప్పి పెట్టేశాను. మెట్రో రానివ్వండి, నాకేం కోపం లేదు. కీసర దాకా వచ్చినా, పేట దాకా వచ్చినా మంచిదే. వస్తే నేనూ ఒకసారి ఎక్కుతాను. కానీ పదహారేళ్ళ అక్క పెరుగన్నం తిని ఎక్కాల్సిన బండి ఒకటుండేది. ఇప్పుడు ఏ బండి ఎంత వేగంగా వచ్చినా, ఆ పొద్దుటిని మాత్రం అందుకోలేదు.